బాలింత దిగులుకు లాలిపాట తోడు

ప్రసవమై నెల తిరిగే లోపల వైద్యుల వద్దకు తీసుకురాబడే బాలింతల విషయంలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. "పాలు చాలడం లేదండీ, ఏదైనా మందు ఇవ్వండి" అన్నదే ఆ మాట. అడిగేది బాలింత కాదు. వెంట వచ్చిన తల్లి గాని, అత్తగారు గాని అడుగుతారు. బాలింత ఒక ప్రక్కగా కూర్చొని గోడ వైపు చూస్తూ ఉంటుంది. "నిద్ర పడుతున్నదా అమ్మా?" అని ప్రశ్నిస్తే దానికి కూడ మరొకరే జవాబు చెబుతారు. శతావరి చూర్ణం రాసిచ్చి పంపివేయడం వైద్యునికి సులభమైన పని. వెల్లుల్లి, మెంతులు, పచ్చి బొప్పాయి కూర వంటి వంటింటి ఉపాయాలు ఇరుగుపొరుగువారు అప్పటికే చెప్పి ఉంటారు. అయితే పాలు పడకపోవడానికి మూలం మనస్సులో ఉన్నప్పుడు ఎంత శతావరి వాడినా ఫలితం అంతంత మాత్రమే.

ఈ సంగతిని మన ప్రాచీనులు గుర్తించారు. సుశ్రుత సంహితలోని శారీరస్థానం పదవ అధ్యాయంలో తల్లిపాలు తగ్గిపోవడానికి గల కారణాలను చెబుతూ సుశ్రుతాచార్యులు క్రోధాన్ని, శోకాన్ని, అవాత్సల్యాన్ని పేర్కొన్నారు. అవాత్సల్యమంటే బిడ్డపై మమకారం కలుగకపోవడం. ఆచార్యులు దానిని పాపమని గాని, స్త్రీ స్వభావదోషమని గాని అనలేదు; కోపం, దుఃఖం సరసన ఒక రోగకారణంగా చేర్చారు. ఆ వెంటనే పాలవృద్ధికి తోడ్పడే ఆహారపదార్థాలను వివరించబోతూ, ముందుగా ఆమెకు సౌమనస్యం కలిగించవలెనని నిర్దేశించారు. మనస్సుకు ఊరట మొదట, ఆహారం ఆ తరువాత. మన ఇళ్లలో ఈ క్రమం తలక్రిందులవుతున్నది. పథ్యం మీద ఉన్న శ్రద్ధలో పదవ వంతు కూడ బాలింత మనస్సు మీద ఉండదు.

బిడ్డను చూసినప్పుడు, బిడ్డ ఏడుపు విన్నప్పుడు తల్లికి పాలు చేపుకు వచ్చేటట్లు చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్ అని, తీవ్రమైన ఆందోళన దాని విడుదలకు అడ్డుపడుతుందని ఆధునిక వైద్యులు కూడ చెబుతున్నారు. సుశ్రుతుని మాటకు ఇది చేరువగా ఉండడం గమనించదగినది.

దిగులు వేరు, కుంగుబాటు వేరు

ప్రసవం జరిగిన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా కన్నీళ్లు రావడం, చిన్న మాటకే మనస్సు చివుక్కుమనడం సగం మందికి పైగా తల్లులలో కనబడుతుంది. కాన్పు తరువాత ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు కొద్ది రోజులలోనే ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం దీనికి కొంతవరకు కారణాలు. ఇది రెండు వారాలలో తనంతట తానే తగ్గిపోతుంది. దీనికి మందులు అవసరం లేదు. విశ్రాంతి, ఆప్యాయత చాలు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు అయి ఉండవచ్చు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు కూడ తల్లికి నిద్ర పట్టదు. ఆకలి మందగిస్తుంది. ఏ పనీ చేయబుద్ధి కాదు, చేసినా సంతోషం ఉండదు. "నేను మంచి తల్లిని కాను" అన్న తలంపు పదే పదే బాధిస్తుంది. బిడ్డను ఎత్తుకున్నా ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్లు తోస్తుంది. ఈ చివరి లక్షణాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ఏమంటారో ఆమెకు తెలుసు గనుక. కొందరిలో ఏడుపు కనబడదు, విసుగు, కోపం మాత్రమే కనబడతాయి. అటువంటివారిని "పొగరు" అని చెప్పి వదిలివేస్తారు.

ఇది అరుదైన జబ్బు కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది. ఆ లెక్క ప్రకారం ప్రసవించిన స్త్రీలలో సుమారు 22 శాతం మందికి, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ కుంగుబాటు ఉన్నది. అంతకుముందు గోవాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో 23 శాతం అని తేలింది. పేదరికం, భర్తతో పొసగకపోవడం, ఆడపిల్ల పుట్టడం దీనికి దోహదం చేస్తున్నట్లు ఆ గోవా పరిశోధకులు గుర్తించారు. ఆడపిల్ల పుట్టడం వలన తల్లికి జబ్బు వస్తుందా? పుట్టడం వలన కాదు, పుట్టినప్పుడు చుట్టూ ఉన్నవారి ముఖాలు మారడం వలన వస్తుంది. పురిటి మంచం మీద ఉన్న స్త్రీకి ఆ ముఖాలు తప్ప వేరే లోకం ఉండదు.

"దీనికేం తక్కువ? కూర్చోబెట్టి అన్నీ అమరుస్తున్నాం కదా!" అనే పెద్దలున్నారు. జ్వరం వచ్చిన మనిషిని "నీకేం తక్కువని జ్వరం తెచ్చుకున్నావు?" అని ఎవరూ అడగరు.

బిడ్డకు తెలుస్తుందా?

మాటలు రాని పసికందుకు తల్లి మనస్సు ఎలా తెలుస్తుందని సందేహం కలుగవచ్చు. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి చేసిన ఒక చిన్న పరీక్ష 1978లో ప్రచురింపబడి నేటికీ ప్రసిద్ధంగా ఉన్నది. తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడుతూ మాట్లాడుతుంది. తరువాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ ఎదుట ఊరక కూర్చుంటుంది. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, కేకలు వేస్తుంది. ఎంతకూ జవాబు రాకపోతే ముఖం ప్రక్కకు తిప్పుకొని ముడుచుకుపోతుంది. పరీక్షలో రెండు నిమిషాలే. కుంగుబాటు గల తల్లి వద్ద అటువంటి ఘడియలు రోజంతా, వారాల తరబడి ఉండవచ్చు.

గొంతు సంగతి మరింత ఆలోచించదగినది. ఏ భాషలోనైనా తల్లులు పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు స్వరం హెచ్చుతగ్గులుగా ఊగుతుంది, మాటలు సాగుతాయి. మనస్సు కుంగినప్పుడు ఆ ఊపు పోయి గొంతు చదునుగా ఉండిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో పీటర్ కాప్లాన్, ఆయన సహచరులు 2002లో వెల్లడించిన ఫలితాలు ఇట్లున్నాయి. కుంగుబాటు గల తల్లుల బిడ్డలు తమ తల్లి గొంతు వినిపించి నేర్పిన చిన్న విషయాన్ని నేర్వలేకపోయారు. అదే బిడ్డలు కుంగుబాటు లేని మరొక తల్లి గొంతు వినిపించినప్పుడు చక్కగా నేర్చుకున్నారు. చాలాకాలంగా కుంగుబాటుతో ఉన్న తల్లుల బిడ్డలు పురుషుని గొంతుకు స్పందించి నేర్చుకున్నట్లు వారే 2004లో తెలిపారు.

దీనిని చదివి తల్లులు తమను తాము నిందించుకోవలసిన పని లేదు. ఈ ఫలితంలో నాకు కనబడే ముఖ్యమైన అర్థం వేరే ఉన్నది. బిడ్డలో లోపం లేదు, బిడ్డ ఎదురు చూస్తూనే ఉన్నది. తల్లి కోలుకునే వరకు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త ఎవరి గొంతైనా ఆ ఖాళీని కొంత పూరించగలదు.

పాట చేసే పని

మాటకు, పాటకు ఒక భేదమున్నది. మాటలో స్వరం హెచ్చుతగ్గులు మనస్సులోని భావాన్ని బట్టి వస్తాయి. భావం ఎండిపోతే మాట చప్పగా అవుతుంది. పాటలో ఆ హెచ్చుతగ్గులు వరుసలోనే ఉన్నాయి. మనస్సులో ఏమీ లేకపోయినా, నోటికి వచ్చిన జోలను వరుస తప్పకుండా కూనిరాగంగా తీస్తే చాలు, స్వరం లేస్తుంది, దిగుతుంది, సాగుతుంది. బిడ్డకు కావలసిన ఊపు ఎంతో కొంత దానంతట అదే అందుతుంది. ప్రేమ పుట్టిన తరువాతనే పాడాలని నియమం లేదు. కుంగుబాటులో ఉన్న తల్లికి ఇంతకంటె ఊరటనిచ్చే సంగతి మరొకటి ఉండదని నా అభిప్రాయం. ఆమెను "బిడ్డను ప్రేమించు" అని ఆజ్ఞాపిస్తే ఆమె చేయలేదు. "ఈ రెండు చరణాలు పాడు" అంటే చేయగలదు.

కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పసిబిడ్డలకు పాటను, మాటను వేర్వేరుగా వినిపించి చూశారు. వారు ఎన్నుకొన్నది ఆ బిడ్డలు ఎన్నడూ విని ఉండని టర్కీ భాష. మాట వింటున్న బిడ్డలు సుమారు నాలుగు నిమిషాలకు ఏడుపు మొదలుపెట్టగా, పాట వింటున్న బిడ్డలు సుమారు తొమ్మిది నిమిషాలు ప్రశాంతంగా ఉన్నారు. భాష తెలియకపోయినా, పాడేవారెవరో తెలియకపోయినా పాట పని చేసింది. ఇక తెలిసిన గొంతైతే చెప్పేదేమున్నది? కడుపులోని బిడ్డ ఏడవ నెల నాటికి శబ్దాలు వింటుంది; నవజాత శిశువు తన తల్లి గొంతును ఇతరుల గొంతుల నుంచి గుర్తుపట్టగలదని 1980లోనే పరిశోధకులు నిరూపించారు. అంటే, తల్లి ఎంత బలహీనంగా పాడినా బిడ్డకు అది ముందే పరిచయమైన గొంతు.

పాట తల్లికి ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు లండన్‌లో జరిగిన అధ్యయనం సమాధానమిచ్చింది. డైజీ ఫాన్‌కోర్ట్, రోసీ పెర్కిన్స్ అనే పరిశోధకులు కుంగుబాటు లక్షణాలున్న 134 మంది తల్లులను మూడు బృందాలుగా విభజించారు. ఒక బృందంవారు వారానికొకసారి చొప్పున పది వారాలు బిడ్డలతో కూర్చొని కలిసి పాటలు పాడారు, లాలిపాటలు నేర్చుకున్నారు, సొంతంగా కూడ కట్టుకున్నారు. రెండవ బృందం బిడ్డలతో ఆటల తరగతులకు వెళ్లింది. మూడవ బృందానికి మామూలు సంరక్షణ మాత్రమే. కుంగుబాటు ఎక్కువగా ఉన్నవారిలో, పాడిన బృందం మిగిలినవారి కంటె త్వరగా తేరుకొన్నది. మొదటి ఆరు వారాలలో వారి లక్షణాలు సగటున 35 శాతం తగ్గాయి. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పదవ వారం నాటికి మూడు బృందాలలోనూ మెరుగుదల కనబడిందన్న సంగతిని కూడ దాచరాదు. పాట వలన కలిగిన లాభం ముఖ్యంగా వేగం. అయితే చంటిబిడ్డ ఉన్న ఇంట్లో నెల రోజులు ముందుగా తేరుకోవడం చిన్న విషయం కాదు. బిడ్డ వయస్సే అప్పటికి మూడు నాలుగు నెలలు.

అదే పరిశోధకులు 2017లో 391 మంది తల్లులను పరిశీలించి, బిడ్డకు రోజూ పాడే తల్లులలో కుంగుబాటు తక్కువగా, బిడ్డతో అనుబంధం ఎక్కువగా ఉన్నట్లు చెప్పారు. దీనిని మాత్రం కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. మనస్సు బాగున్న తల్లి ఎక్కువగా పాడుతుంది కదా! ఏది కారణమో, ఏది ఫలితమో ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు.

చరకుడు చెప్పిన పురిటిల్లు

లండన్ తల్లుల విషయంలో నాకు ముఖ్యమనిపించినది, వారు ఒంటరిగా పాడలేదు, కలిసి పాడారు అన్న అంశం. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో పురిటింటి రక్షావిధి ఉన్నది. పది పన్నెండు రోజుల పాటు ఆప్తులైన స్త్రీలు తల్లీబిడ్డలకు తోడుగా మేలుకొని ఉండాలని, ఆ ఇంట మంగళాశీస్సులు, గీతవాద్యాలు ఎడతెగక సాగాలని, ప్రేమగలవారు, సంతోషచిత్తులు అయిన మనుషులతో ఆ ఇల్లు నిండి ఉండాలని చరకుడు విధించాడు. ఔషధాలు, ధూపాలతో పాటు పాటను కూడ రక్షగా చెప్పడం విశేషం. పాడవలసినది బాలింత ఒక్కతే అని ఎక్కడా లేదు. ఆమె చుట్టూ పాట ఉండాలి.

మన తెలుగు ఇళ్లలో బారసాల నాడు ఉయ్యాలలో బిడ్డను వేసి ముత్తైదువలు లాలిపాటలు పాడే ఆచారం దీనికి దగ్గరి చుట్టమే. అన్నమాచార్యుల వారు శ్రీ వేంకటేశ్వరునికే లాలిపాటలు, జోలపాటలు కట్టారు. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో కూడ లాలి ఉన్నది. మన ఆడవారి పాటల సంగతి మరీ గొప్పది. కౌసల్య వేవిళ్లు, ఆమె పురిటి నొప్పులు, సీత కష్టాలు, ఊర్మిళ నిద్ర అన్నీ అందులోకి వచ్చాయి. గట్టిగా చెప్పుకోలేని దుఃఖాన్ని పాటలో పెట్టి పదిమందిలో పాడుకొనే వెసులుబాటు ఆ తరం స్త్రీలకు ఉండేది. జోలపాట సంతోషంగానే ఉండాలన్న నియమం వారికి లేదు.

నేడు ఆ వెసులుబాటు తగ్గింది. బారసాల ఫంక్షన్ హాలులో జరుగుతున్నది, పాట స్పీకరులో వస్తున్నది. వాగ్భటుడు మొదలైనవారు సూతికా నియమాలను నెలన్నర వరకు చెప్పారు. మన ఇళ్లలో కూడ ఆ నెలన్నర బాగానే గడుస్తుంది. కాని కుంగుబాటు మొదటి సంవత్సరంలో ఎప్పుడైనా తలయెత్తవచ్చు. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో అత్తవారింటికి పంపిన తరువాత, భర్త ఉదయం వెళ్లి రాత్రికి వచ్చే నగరపు ఫ్లాటులో బిడ్డతో ఒక్కతే మిగిలినప్పుడు ఆ స్త్రీని ఎవరు గమనిస్తారు? అమెరికాలో ఉన్న మన అమ్మాయిల పరిస్థితి ఇంకా కష్టం. పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మ ఆరు నెలలు తిరగకుండా విమానం ఎక్కవలసి వస్తుంది. అటువంటి అమ్మమ్మలకు ఒక మనవి. పెట్టెలో శొంఠి, కాయం, పచ్చళ్లు ఎలాగూ సర్దుతారు. మీ అమ్మ మీకు పాడిన జోలలను కూడ వెళ్లేలోగా అల్లునికి ఒకటి, అమ్మాయికి ఒకటి నేర్పి రండి.

ఎలా మొదలుపెట్టాలి?

బిడ్డకు నూనె రాసి స్నానం చేయించిన తరువాత, పాలు త్రాగి నిద్రకు ముందు మెలకువగా, నెమ్మదిగా ఉన్న సమయం అనువైనది. సాంబ్రాణి పొగ బిడ్డ ముఖానికి తగలకుండా చూడండి. తల్లి ఆనుకొని కూర్చొని బిడ్డను ఒడిలో పెట్టుకోవాలి. పసికందుకు జానెడు, జానెడున్నర దూరంలో ఉన్న ముఖం స్పష్టంగా కనబడుతుంది. అంతకు మించి దూరమైతే మసక. కాబట్టి వంగి, ముఖం చూస్తూ పాడాలి.

ఏ పాట అని చింత వద్దు. జోల రాకపోతే చిన్ననాడు బడిలో నేర్చిన పద్యమైనా, సినిమా పాటైనా, తెలిసిన కీర్తనైనా సరే. రోజూ అదే పాట పాడడం మంచిది. పసిపిల్లలకు క్రొత్తదనం మీద మోజు లేదు, తెలిసినదే మళ్లీ వినాలని ఉంటుంది. నోరు పెగలని రోజున పెదవులు మూసి రాగం తీసినా చాలు. నెమ్మదిగా పాడేటప్పుడు ఊపిరి దీర్ఘంగా వదలవలసి ఉంటుంది గనుక తల్లికి కూడ గుండె దడ కొంత తగ్గుతుంది. పాడుతుండగా కన్నీరు వస్తే రానివ్వండి, బిడ్డకు దాని వలన కీడు లేదు. బిడ్డ ముఖం ప్రక్కకు తిప్పుకొన్నా, ఆవలించినా, వ్రేళ్లు విరుచుకొన్నా ఇక చాలునని అర్థం, కాసేపు ఆగాలి. బిడ్డ తనను కాదన్నదని తల్లి అనుకోకూడదు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. రెండు నిమిషాలే వీలైతే ఆ రెండే.

ఏడుస్తున్న బిడ్డను కూర్చొని జోకొట్టడం కంటె, భుజాన వేసుకొని నడుస్తూ పాడితే ఎక్కువ ఫలితముంటుంది. ఎత్తుకొని నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం తగ్గి కదలికలు సద్దుమణుగుతాయని జపాన్ శాస్త్రవేత్తలు 2013లో కొలిచి చూపారు. మన అమ్మమ్మలు వసారాలో అటూ ఇటూ తిరుగుతూ చేసిన పని అదే.

ఫోనులో జోలపాటల వీడియో పెట్టి బిడ్డ ఎదుట నిలబెట్టడం దీనికి బదులు కాదు. ఏడాది లోపు పిల్లలకు తెరలు అసలు చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వీడియో బిడ్డ ముఖం చూసి ఆగదు, బిడ్డ "ఊఁ" అంటే జవాబివ్వదు.

ఇంటివారు చేయవలసినది

ఈ వ్యాసం చదివి కొందరు అత్తగార్లు రేపటి నుంచి "పాడావా? ఎన్నిసార్లు పాడావు?" అని కోడళ్లను అడుగుతారేమోనని నాకు భయం. దయచేసి అలా చేయవద్దు. పాట మరొక పరీక్ష అయితే దాని మేలు పోతుంది. ఆమె పాడలేని రోజున మీరు పాడండి. బిడ్డను ఆమె ఒడిలోనే ఉంచి, ప్రక్కన కూర్చొని మీరు పాడితే మరీ మంచిది. బిడ్డకు తల్లి ఒడి, పాట రెండూ కలిసి అందుతాయి. పాడుతుంటే నాలుగైదు రోజులకు ఆమె తనకు తెలియకుండానే గొంతు కలుపుతుంది.

తండ్రులు "నాకు పాట రాదు" అని తప్పించుకుంటారు. బిడ్డకు శ్రుతి భేదం పట్టదు. రాత్రి ఒక పూట బిడ్డను తండ్రి తీసుకొని, పాలు పిండి ఉంచిన పక్షంలో అవి పట్టి, ఊపి నిద్రపుచ్చితే తల్లికి నాలుగైదు గంటల ఎడతెగని నిద్ర దొరుకుతుంది. కుంగుబాటులో నిద్రను మించిన ఇంటి మందు లేదని చెప్పవచ్చు.

ఆహారం గురించి రెండు మాటలు. ప్రసవానంతరం వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది గనుక వెచ్చని, తేలికగా అరిగే, నేయి కలిసిన ఆహారం, గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగం మంచివే. సిజేరియన్ అయినవారికి కుట్లు మానేవరకు పొట్టపై మర్దన కూడదు. మునగాకు, నువ్వులు, రాగులు, పప్పులు తరచుగా పెట్టండి. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వరాదనే పట్టింపు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నది. పాలిచ్చే తల్లికి దాహం వేసినంత నీరు ఇవ్వవలసిందే. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడ ఇదే విధమైన నీరసాన్ని, దిగులును కలిగిస్తాయి కాబట్టి ఆ రెండు రక్తపరీక్షలు తప్పక చేయించండి.

మనస్సు కోసమని మూలికలను సొంతంగా కొని వాడవద్దు. ముఖ్యంగా సర్పగంధ. నిద్రకు మంచిదని విని దీనిని తెచ్చుకొనేవారున్నారు; అందులోని రిసర్పిన్ అనే పదార్థం కుంగుబాటును పెంచగలదు, పాలలోకి కూడ చేరుతుంది.

పాట చాలని చోట

పాట తోడు మాత్రమే, చికిత్సకు బదులు కాదు. రెండు వారాలు దాటిన దిగులును వైద్యునికి చూపించాలి. ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది చిన్న ప్రశ్నల పట్టిక 1987 నుంచి వాడుకలో ఉన్నది. తల్లి తానే టిక్కు పెట్టవచ్చు, ఐదు నిమిషాల పని. అందులో చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించినది. దానికి "లేదు" కాక మరే జవాబు వచ్చినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి.

బిడ్డకు ఏదో కీడు చేస్తానేమో అన్న తలంపులు అనుకోకుండా వచ్చి భయపెట్టడం కుంగుబాటులో చాలామందికి జరుగుతుంది. అలా చెప్పిన తల్లిని అసహ్యించుకోవద్దు, చెప్పగలగడమే మేలు. అట్లుగాక, ప్రసవమైన మొదటి వారాలలోనే రాత్రింబవళ్లు నిద్ర లేకుండా తిరగడం, లేని మాటలు వినబడుతున్నాయనడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు చెప్పడం వంటివి కనబడితే అది వేరే జబ్బు. వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి వస్తుంది. గాలి సోకిందని తాయెత్తులకు తిరుగుతూ కాలం గడపరాదు. తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. సకాలంలో చికిత్స జరిగితే ఇది చక్కగా నయమయ్యే జబ్బు.

మందులు వాడితే పాలు మాన్పించవలసి వస్తుందన్న భయంతో చాలామంది వైద్యాన్ని వాయిదా వేస్తారు. సెర్‌ట్రాలిన్ వంటి కొన్ని మందులను పాలిస్తూనే వైద్యుని పర్యవేక్షణలో వాడవచ్చు. ఆయుర్వేద మందులు వాడుతున్నట్లయితే వాటి పేర్లన్నీ మనోవైద్యునికి చెప్పండి, దాచవద్దు.

ఆసుపత్రిలో చేర్చితే తల్లిని, బిడ్డను విడదీస్తారన్నది మరొక భయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ విభాగం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే ప్రత్యేక విభాగం 2009లో ప్రారంభమైంది. మీ ఊరి ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "బిడ్డను తల్లి దగ్గర ఉంచే ఏర్పాటు ఉన్నదా?" అని మొదటే అడగండి.

ఎవరిని అడగాలో తెలియనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రసవమై ఎన్ని రోజులైంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నది, అన్నం తింటున్నదా, బిడ్డను ఎత్తుకుంటున్నదా అన్న నాలుగు సంగతులు ముందుగా ఒక కాగితం మీద రాసుకొని ఫోను చేస్తే వారికి సలహా చెప్పడం సులభమవుతుంది.